కోర్సు ఎవరు ఎంచుకోవాలి?

డిగ్రీలో మేజర్, మైనర్ ఎంచుకునే వీలు పల్లె పిల్లలకూ వచ్చింది. దాన్ని వాడుకోవడం ఎలా? సెమిస్టర్‌ను ముందే లెక్కగట్టి నడుపుకోవడం ఎలా? పత్తి, మిర్చి పండే ప్రత్తిపాడు నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

జూన్ వచ్చిందంటే ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ తీరిక ఉండదు. నాలుగు చినుకులు పడి నల్లరేగడి పదునెక్కితే పత్తి గింజ పెట్టాలి. నిరుడు ఏ రకం ఎవరి చేలో ఎలా కాసింది, ఏది పురుగును తట్టుకుంది అని రైతు నలుగురినీ అడుగుతాడు. ప్యాకెట్ మీద లాట్ నంబరు చూస్తాడు. బిల్లు అడిగి తీసుకుని పంట చేతికొచ్చేదాకా దాస్తాడు. ఇంటర్ పాసైన పిల్లల డిగ్రీ ప్రవేశాలూ ఇంచుమించు ఆ రోజుల్లోనే మొదలవుతాయి. విత్తనం దగ్గర అంత జాగ్రత్తపడిన ఇంట్లోనే బిడ్డ చదువు మాత్రం నెట్ సెంటర్‌లో పది నిమిషాల్లో తేలిపోతోంది. ‘మా అమ్మాయికి ఏ గ్రూపైతే బాగుంటుందో నువ్వే చూసి పెట్టు బాబూ’ అని తండ్రి కంప్యూటర్ ముందున్న కుర్రాడికి అప్పజెప్పేస్తున్నాడు. ఆ కుర్రాడు తనకు తెలిసిన కాలేజీలు, తనకు తెలిసిన కోర్సులు వరసగా నొక్కుతాడు.

మూడేళ్లో, నాలుగేళ్లో చదవాల్సింది ఆ అమ్మాయి. పాఠం వినాల్సింది, పరీక్ష రాయాల్సింది, ఆ పట్టా పట్టుకుని ఉద్యోగానికి వెళ్లాల్సిందీ ఆ అమ్మాయే. కాబట్టి కోర్సు ఎంచుకోవాల్సిందీ ఆమే. పెద్దవాళ్లు, అధ్యాపకులు, సీనియర్లు సమాచారం ఇవ్వాలి, తోడు నిలవాలి. అంతకుమించి ఆమె బదులు ఎవరూ నిర్ణయించకూడదు. ఈ కథనం చెప్పదలచుకున్నది ఇదే.

నిన్నటి గ్రూపు, నేటి మేజర్

ఒక తరం కిందట ఎంపిక అనే మాటే లేదు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ. డిగ్రీలో వాటికి కొనసాగింపుగా బీఎస్సీ మ్యాథ్స్-ఫిజిక్స్-కెమిస్ట్రీ, బోటనీ-జువాలజీ-కెమిస్ట్రీ, బీకాం, బీఏ. మూడు సబ్జెక్టులు కట్టగట్టి చేతిలో పెట్టేవారు. ఏడాది చివర ఒకేసారి పరీక్షలు. చేరేటప్పుడు గ్రూపు పేరు చెబితే చాలు, ఆ తర్వాత విద్యార్థి ఆలోచించాల్సింది ఏమీ ఉండేది కాదు.

2015-16లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లోకి సెమిస్టర్లు, క్రెడిట్ల పద్ధతి వచ్చాయి. 2020-21లో ప్రవేశాలు ఆన్‌లైన్ అయ్యాయి. పాఠ్యప్రణాళిక మారింది, ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి అయ్యాయి. 2021-22 నుంచి బోధన ఇంగ్లిష్ మాధ్యమానికి మళ్లింది. 2023-24లో మూడు సబ్జెక్టులను సమానంగా చదివే పద్ధతి పోయి, ఒక మేజర్, దానికి తోడుగా ఒక మైనర్ వచ్చాయి. ఆ తర్వాత కూడా విధివిధానాల్లో మార్పులపై చర్చ ఆగలేదు. అందుకే అన్న చేరినప్పటి నిబంధన తమ్ముడికి వర్తిస్తుందని అనుకోకూడదు. ఏ ఏడాది చేరితే ఆ ఏడాది ఉన్నత విద్యామండలి ఇచ్చిన మార్గదర్శకాలు చదువుకోవాలి. తెలంగాణలో 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా డిగ్రీ ప్రవేశాలు జరుగుతున్నాయి. అక్కడి పిల్లలకూ ఇదే మాట.

సబ్జెక్టును విద్యార్థికే వదిలేయాలా, పెద్దలే నిర్ణయించాలా అన్న వాదన మనతో మొదలైంది కాదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి 1869 నుంచి 1909 వరకు అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ ఎలియట్ నిర్బంధ పాఠాలను దాదాపుగా తొలగించి, ఏది చదవాలన్నది విద్యార్థుల ఇష్టానికే వదిలేశాడు. కొందరు దాన్ని గొప్పగా వాడుకున్నారు. ఎక్కువమంది తేలిగ్గా మార్కులు వచ్చే తొలిమెట్టు పాఠాలే ఏరుకున్నారన్న విమర్శ వచ్చింది. ఆయన తర్వాత వచ్చిన లోవెల్ మధ్యేమార్గం పట్టాడు. ఒక సబ్జెక్టు లోతుగా, మిగిలినవి విస్తారంగా చదవాలన్నాడు. ఈనాటి మేజర్, మైనర్ పద్ధతికి మూలం అలాంటి ఆలోచనే. నూరేళ్ల కిందటి ఆ అనుభవం మనకూ పనికొస్తుంది. స్వేచ్ఛతో పాటు సమాచారం, సలహా అందకపోతే విద్యార్థి సులువైన దారే పడతాడు.

మేజర్ తేల్చే ముందు గమ్యం చూడండి

మేజర్‌ను పేరు చూసి ఎంచుకోవద్దు. డిగ్రీ తర్వాత ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో ముందు అనుకుని, అక్కడ ఏం అడుగుతారో చూసి, వెనక్కి లెక్క వేసుకోండి.

గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకు, బ్యాంకు ఉద్యోగాల్లో చాలావాటికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. అలాంటప్పుడు ఇష్టంగా చదవగలిగిన సబ్జెక్టే మంచి మేజర్. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, హిస్టరీ చదివితే పోటీ పరీక్షల సిలబస్‌లో కొంత భాగం కాలేజీలోనే పూర్తవుతుంది. ‘ఆర్ట్స్ చదివితే ఏముంది’ అనే మాట ఊళ్లో వినబడుతుంటుంది. ఆ మాటకు వెనకాడక్కర్లేదు.

టీచర్ కావాలనుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. బీఈడీలో ఏ మెథడాలజీ దొరుకుతుంది, డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు ఏ సబ్జెక్టులు చదివి ఉండాలి అన్నది డిగ్రీలో చదివినదాన్ని బట్టే ఉంటుంది. పాత నోటిఫికేషన్ ఒకటి తెరిచి అర్హతల పేజీ చదివితే అరగంటలో విషయం తెలుస్తుంది. పీజీ కూడా అంతే. ఏ ఎమ్మెస్సీకి ఏ మేజర్ అడుగుతున్నారో చేరకముందే చూడాలి.

పల్లెల్లో తరచూ జరిగే పొరపాటు మరొకటి ఉంది. బోటనీ చదివితే వ్యవసాయాధికారి కావచ్చని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఆ కొలువుకు బీఎస్సీ అగ్రికల్చర్ ఉండాలి. దానికి ఈఏపీసెట్ రాయాలి. గుంటూరు పక్కనే లాంలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా కూడా ఉంది. పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా మరో దారి. ఇతర రాష్ట్రాల్లోనో, ప్రైవేటు సంస్థల్లోనో అగ్రికల్చర్ సీటు ఇప్పిస్తామని ఎవరైనా వస్తే, ఆ కోర్సుకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి గుర్తింపు ఉందో లేదో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.

మైనర్‌లో ఉంది మన ఊరి అవకాశం

మేజర్ గురించి ఇంతో అంతో ఆలోచిస్తున్నవారు కూడా మైనర్ దగ్గర చేతులెత్తేస్తున్నారు. స్నేహితురాలు తీసుకుందనో, టైమ్‌టేబుల్ ఖాళీగా ఉంటుందనో ఏదో ఒకటి రాసిస్తున్నారు. నిజానికి ఈ నేల పిల్లలకు మైనర్ పెద్ద అవకాశం. ఇంట్లో ఉన్న పంటనూ, చదువుతున్న సబ్జెక్టునూ కలిపేది అదే.

2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు మిర్చిని దెబ్బతీసింది. చేలకు చేలే పూత రాలి ఎండిపోయాయి. పత్తిలో గులాబీరంగు పురుగు ఏటా పలకరిస్తూనే ఉంది. జువాలజీ మేజర్‌గా, బోటనీ మైనర్‌గా చదివే విద్యార్థికి ఇంతకంటే పెద్ద ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? పురుగు జీవితచక్రం పుస్తకంలో చదివి సాయంత్రం చేలో చూడొచ్చు.

కెమిస్ట్రీ చదివేవారికి కళ్లం ఉంది. కోసిన మిర్చిని 10-11 శాతం తేమకు ఎండబెట్టాలి. తడి మిగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఎండు మిర్చిలో బి1 రకం అఫ్లాటాక్సిన్ కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదన్నది ఐరోపా సమాఖ్య నిబంధన. మించితే సరుకు రేవులో ఆగిపోతుంది. కెమిస్ట్రీకి తోడుగా ఫుడ్ టెక్నాలజీ లాంటి మైనర్ దొరికితే వదలొద్దు.

బీకాం పిల్లలకు ఆసియాలోనే అతిపెద్దదిగా పేరున్న గుంటూరు మిర్చి యార్డు దగ్గర్లోనే ఉంది. తేజ, 334, బ్యాడిగ రకాలకు ధరలు వేర్వేరుగా ఎందుకుంటాయి? కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు మీద అప్పు ఎలా ఇస్తారు? ఈ-నామ్ వేలంలో ఏం జరుగుతుంది? అకౌంటింగ్ పాఠానికి ఇవన్నీ సజీవమైన ఉదాహరణలు. ఎకనామిక్స్ గానీ కంప్యూటర్ అప్లికేషన్స్ గానీ మైనర్‌గా ఉంటే ఆ లెక్కలు ఇంకా బాగా అర్థమవుతాయి. కంప్యూటర్ సైన్స్ మేజర్ తీసుకున్నవారు స్టాటిస్టిక్స్‌ను తోడు తెచ్చుకుంటే ధరల తీరును, వానల లెక్కను విశ్లేషించే పని నేర్చుకుంటారు.

ఈ ప్రాంతంలో ఇలా చదివిన పెద్దమనిషి ఒకరున్నారు. 1900లో నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టిన ఎన్జీ రంగా ఆక్స్‌ఫర్డ్ వెళ్లి అర్థశాస్త్రం చదివారు, 1926లో బీలిట్ పట్టా తీసుకున్నారు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠం చెప్పారు. ఆ చదువును రైతు సమస్యల మీదికి మళ్లించి నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. సొంత ఊరి పొలాన్ని, చదివిన శాస్త్రాన్ని విడదీయలేదు కాబట్టే వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకున్నాం.

అన్ని కాలేజీల్లో అన్ని మైనర్లూ ఉండవన్నది నిజం. పల్లె కాలేజీల్లో అధ్యాపకుల కొరత వల్ల రెండు మూడే దొరకవచ్చు. అందుకే కాలేజీని ఎంచుకునే ముందే అక్కడ ఏ మైనర్లు చెబుతున్నారో అడగాలి. ప్రత్తిపాడు నుంచి గుంటూరు ఇరవై కిలోమీటర్ల లోపే. గుంటూరులో 1885 నాటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, హిందూ కళాశాల, ప్రభుత్వ మహిళా కళాశాల, జేకేసీ కళాశాల ఉన్నాయి. ఇటువైపు పెదనందిపాడులోనూ కాలేజీ ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. దూరమన్న కారణంతో ఇష్టమైన కోర్సు వదులుకోవాల్సిన అవసరం తగ్గింది.

సెమిస్టర్ లెక్క

క్రెడిట్ అంటే ఏమిటో తెలియకుండానే డిగ్రీ పూర్తిచేస్తున్నవారు ఉన్నారు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం. ప్రాక్టికల్‌లో అయితే 30 గంటలు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. సగటున సెమిస్టర్‌కు 20.

ఈ లెక్కను వారం మీదికి తెద్దాం. 16 క్రెడిట్ల థియరీ, 4 క్రెడిట్ల ల్యాబ్ అనుకుంటే 15 వారాల సెమిస్టర్‌లో కాలేజీ గంటలు వారానికి 24. ప్రత్తిపాడు సెంటర్‌లో బస్సెక్కి గుంటూరు వెళ్లి రావడానికి నిరీక్షణతో కలిపి రోజుకు రెండు గంటలు, వారానికి 12. థియరీ గంటకు ఇంట్లో మరో గంట చదివితే 16. మొత్తం 52 గంటలు. నిద్రకు 56 పోగా వారంలో ఇంకా 60 గంటలు మిగులుతాయి. తిండీ తిప్పలు, ఇంటిపని, పొలం పని, ఆట, ఫోను అన్నీ అందులోనే సర్దుకోవాలి. కాగితం మీద రాసుకుంటే తప్ప ఆ 60 గంటలు ఎటు పోతున్నాయో తెలియదు.

తర్వాత హాజరు. సెమిస్టర్‌కు 90 పనిదినాలనుకుంటే 75 శాతం హాజరుకు 68 రోజులు కావాలి. అంటే మానుకోగలిగింది 22 రోజులు. ఇక్కడే మన పంటల కాలం గుర్తుపెట్టుకోవాలి. పత్తితీతలు అక్టోబరు, నవంబరుల్లో మొదలై జనవరి దాకా సాగుతాయి. కూలీలు దొరక్క ఇంటి ఆడపిల్లలను చేలోకి రమ్మంటారు. మొదటి సెమిస్టర్ చివరి పాఠాలు, పరీక్షలు వచ్చేదీ ఆ రోజుల్లోనే. మిర్చి కోతలు, కళ్లాల పని జనవరి నుంచి ఏప్రిల్ దాకా. రెండో సెమిస్టర్‌లో ఎక్కువ భాగం ఆ పనుల మధ్యే గడుస్తుంది. కాబట్టి సెమిస్టర్ మొదలైన వారమే ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని, ఆ 22 రోజుల్లో జ్వరానికి, పెళ్లిళ్లకు కొన్ని పక్కనపెట్టి, చేలోకి రాగలిగిన రోజులు ఎన్నో, అవి ఎప్పుడో ముందే తేల్చుకోవాలి. ల్యాబ్ ఉన్న రోజు, ఇంటర్నల్ పరీక్ష రోజు చేలోకి పిలవకూడదన్నది ఇంటి నియమం కావాలి.

మార్కుల లెక్క కూడా తెలియాలి. సెమిస్టర్ సగటు గ్రేడ్ అయిన ఎస్‌జీపీఏ కట్టేటప్పుడు గ్రేడ్ పాయింటును క్రెడిట్లతో హెచ్చవేస్తారు. 4 క్రెడిట్ల సబ్జెక్టులో 6 పాయింట్లు, 2 క్రెడిట్ల దానిలో 9 వస్తే రెండూ కలిపి సగటు 7. అదే తారుమారై పెద్దదానిలో 9, చిన్నదానిలో 6 వస్తే సగటు 8. చదివే గంటలు పంచుకునేటప్పుడు ఎక్కువ క్రెడిట్ల సబ్జెక్టుకు ఎక్కువ గంటలు ఇవ్వాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఆపైన తెచ్చుకున్నవారికి యూజీసీ చట్రంలో నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చేసే వీలుంది. ఆ మెట్టెక్కాలంటే పునాది మొదటి సెమిస్టర్‌లోనే పడాలి.

పదిహేను వారాలను ఇలా విభజించుకోవచ్చు. మొదటి రెండు వారాల్లో ప్రతి సబ్జెక్టు సిలబస్, గత ప్రశ్నపత్రాలు సంపాదించాలి. ఏడెనిమిది వారాలు గడిచేసరికి సిలబస్‌లో సగం సొంత నోట్సులోకి రావాలి. చివరి మూడు వారాల్లో కొత్త పాఠం పెట్టుకోకుండా తిరగేయాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు మొదటి సెమిస్టర్‌లో రోజుకో అరగంట సబ్జెక్టులోని ఇంగ్లిష్ పదాలకు కేటాయించండి. అర్థం తెలుగులో తెలుసుకుని జవాబు ఇంగ్లిష్‌లో రాయడం సాధనతో వస్తుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. స్థానిక కాలేజీలో లేని పాఠం 2017లో మొదలైన ‘స్వయం’ ఆన్‌లైన్ పాఠాల వేదికలో దొరకవచ్చు. సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా అక్కడి కోర్సులతో పొందడానికి యూజీసీ అనుమతి ఉంది. మీ కాలేజీ ఏవి ఒప్పుకుంటుందో ముందు అడిగి చేరండి.

పైచదువుకు అమెరికా వెళ్లే పిల్లలకూ ఈ అలవాటు అక్కరకొస్తుంది. అక్కడ ఎఫ్-1 వీసా మీద డిగ్రీ చదివేవారు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. ఎంఎస్ వారికి సాధారణంగా 9. ఏ పాఠం, ఏ గంట, ఏ ప్రొఫెసర్ అన్నది విద్యార్థే కూర్చుకోవాలి. ఇక్కడ ఆ పని అలవాటు చేసుకోనివాళ్లు అక్కడ మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది పడతారు.

ఊరే మొదటి ప్రాజెక్టు

మొదటి సంవత్సరం తర్వాత చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును చాలాచోట్ల మొక్కుబడిగా ముగిస్తున్నారు. జిరాక్స్ షాపులో రిపోర్టు కొనుక్కొచ్చి ఇచ్చేవారూ ఉన్నారు. రెండు నెలల కాలం అలా పోగొట్టుకోకండి. మన ఊళ్లో మందు డబ్బాలు వాడాక ఎక్కడ పారేస్తున్నారు? కౌలు రైతుల్లో ఎంతమందికి బ్యాంకు అప్పు అందింది? మిర్చి కోతకు వచ్చే వలస కూలీల పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు? చెరువు నీటి పరిస్థితి ఏమిటి? ఒక్క ప్రశ్న పట్టుకుని వంద ఇళ్లు తిరిగి నిజాయితీగా లెక్క రాస్తే అది ఊరికీ పనికొస్తుంది. రేపు ఇంటర్వ్యూలో ‘మీరేం చేశారు’ అని అడిగినప్పుడు ధైర్యంగా చెప్పుకోవడానికీ పనికొస్తుంది.

మధ్యలో ఆగినా దారి ఉంది

పంట పోయి ఫీజు కట్టలేక ఆగిన అబ్బాయి, రెండో ఏడాదిలో పెళ్లి చేసి పంపిన అమ్మాయి మన ఊళ్లలో కొత్త కాదు. ఒకప్పుడు చదువు ఆగితే అంతా పోయినట్టే. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ దీన్ని కొంత మార్చింది. సంపాదించిన క్రెడిట్లు మీ ఖాతాలో గరిష్ఠంగా ఏడేళ్లు నిలవ ఉంటాయి. యూజీసీ చట్రంలో నిర్దేశించిన క్రెడిట్లు పూర్తిచేసినవారికి మొదటి ఏడాది తర్వాత సర్టిఫికెట్, రెండో ఏడాది తర్వాత డిప్లొమా తీసుకుని ఆగే వీలు, మూడేళ్లలోపు తిరిగి చేరే వీలు ఉన్నాయి. కాలేజీలో చేరగానే ఆ ఖాతా తెరిచారో లేదో, ప్రతి సెమిస్టర్ క్రెడిట్లు అందులో పడ్డాయో లేదో చూసుకోండి. చదువు ఆపక తప్పని పరిస్థితి వస్తే చెప్పకుండా మానేయకుండా, ప్రిన్సిపల్‌ను కలిసి నియమాలు తెలుసుకుని, రాతపూర్వకంగా ఆగండి.

వెబ్ ఆప్షన్ల రోజు

సైట్ తెరిచే రోజుకు ముందే పని పూర్తి కావాలి. ఇష్టమైన కోర్సు, కాలేజీల జాబితా చేతితో రాసుకోండి. ఆప్షన్ల వరస మీ నిజమైన ఇష్టం ప్రకారమే ఉండాలి. ‘ఇది మనకు రాదులే’ అని మంచిదాన్ని కిందికి నెట్టొద్దు. పై ఆప్షన్ రాకపోతే కిందిది చూస్తారే తప్ప పైది అడిగినందుకు నష్టం లేదు. ఉచితంగా ఫోను ఇస్తామని, బస్సు పెడతామని ఇంటికి వచ్చే పీఆర్వోల చేతికి మీ హాల్‌టికెట్ నంబరు, ఓటీపీ ఇవ్వకండి. నెట్ సెంటర్‌కు వెళ్లినా పక్కన కూర్చుని, వరస సరిచూసి, సేవ్ చేసిన ప్రింటు తీసుకునే లేవండి. సీటు వచ్చాక గడువులోగా రిపోర్ట్ చేయకపోతే అది చేజారుతుంది.

తల్లిదండ్రులకు, కాలేజీలకు ఒక మాట. బిడ్డ ఏం చదవాలనుకుంటోందో అడిగి, ఎందుకో చెప్పనివ్వండి. జవాబు తడబడితే కోప్పడకుండా వారం గడువిచ్చి మళ్లీ అడగండి. జూనియర్ కాలేజీల ప్రిన్సిపళ్లు ఇంటర్ చివరి నెలలో ఒక్క పూట డిగ్రీ అధ్యాపకులను పిలిచి మేజర్, మైనర్, క్రెడిట్ల గురించి చెప్పించాలి. డిగ్రీ కాలేజీలు ఏ మైనర్ చెబుతాయో, ఎవరు చెబుతారో ప్రవేశాలకు ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు.

ఈ ఏడాది ఇంటర్ ముగించే చెల్లెళ్లూ, తమ్ముళ్లూ! మీ కోర్సు మీరే ఎంచుకోండి. ఎంచుకునే ముందు సిలబస్ చదవండి, ఆ సబ్జెక్టు చదువుతున్న సీనియర్లు ఇద్దరితో మాట్లాడండి, మొదటి సెమిస్టర్ టైమ్‌టేబుల్ మీ చేత్తో మీరే రాసుకోండి. తెలియనిది అడగడానికి మొహమాటపడకండి. అడిగినవారికి చెప్పాల్సిన బాధ్యత పెద్దలందరిదీ.